ఏ గూట్లో ముందు వెదకాలి?

మన పత్రికలో వ్యవసాయాన్ని గురించి, మగ్గాన్ని గురించి, పిండివంటలను గురించి, తీర్థయాత్రలను గురించి పెద్దలు చాలా చక్కగా వ్రాస్తూ వస్తున్నారు. నేను ముప్ఫై యేళ్ళ కొలువు కంప్యూటరు గదిలో గడిపినవాణ్ణి. అందులో ఇంటిల్లిపాదీ చదువుకోదగిన సంగతి ఏముంటుందని ఇన్నాళ్ళూ ఊరుకొన్నాను. కాని ఆ గదిలో నేను నేర్చుకొన్న వాటిలో ఒకటి మాత్రం చెప్పదగినదేనని తోచింది. పదిమందికీ ఉమ్మడిగా వున్న చోట ఏ వస్తువు ఎక్కడ వుండాలి, కావలసివచ్చినప్పుడు ఏ గూట్లో ముందు వెదకాలి అన్నదే ఆ సంగతి. వినడానికి చిన్న విషయమే. కాని దాన్ని సరిగా చూసుకోకపోవడం వల్ల ఒక దీపావళికి ఎన్నో కూలి కుటుంబాలకు అన్యాయం జరగవలసింది, అదృష్టవశాత్తు తప్పిపోయింది.

నేను పనిచేసింది కోయంబత్తూరు పక్కన ఒక నూలు మిల్లులో. ఐ.బి.ఎం. సంస్థవారు 1978లో మన దేశం విడిచి వెళ్ళి, మళ్ళీ 1992లో టాటా వారితో కలిసి తిరిగివచ్చారు. ఆ తర్వాత కొద్దికాలానికే మా మిల్లుకు వారి ఎ.ఎస్./400 యంత్రం వచ్చింది. ఈ యంత్రాన్ని వారు లోకానికి ప్రకటించింది 1988 జూన్‌లో. దానికి ముందు తరంది, 1978లో ప్రకటించిన సిస్టం/38. తర్వాత పేర్లు చాలా మారాయి. 2000లో ఐసిరీస్ అన్నారు, 2006లో సిస్టం ఐ అన్నారు, 2008 నుంచి దాన్ని నడిపే వ్యవస్థకు ఐ.బి.ఎం. ఐ అని పేరు. పేర్లు ఎన్ని మారినా లోపలి కాపురం పద్ధతి మాత్రం మారలేదు. ఈనాటికీ ఎన్నో వ్యాపార సంస్థల లెక్కలు దాని మీదనే నడుస్తున్నవి.

ఆ యంత్రంలో సామానంతా లైబ్రరీలలో వుంటుంది. లైబ్రరీ అంటే పుస్తకాల గది అనుకోవద్దు. మన పాత ఇళ్ళలో గోడకు గూళ్ళు వుండేవి కదా, అటువంటి గూడు అనుకోండి. ప్రోగ్రాము అయినా, ఫైలు అయినా ఏదో ఒక గూట్లో వుండవలసిందే. గూటిపేరు పది అక్షరాలు మించరాదు. గూట్లో ఇంకొక గూడు వుండడానికి వీల్లేదు. ఒక్క క్యూ-సిస్ అనే పెద్ద గూడు మాత్రం తక్కినవాటి నన్నిటినీ తనలో పెట్టుకొని వుంటుంది. ఒకే గూట్లో ఒకే రకం వస్తువులు రెండు ఒకే పేరుతో వుండలేవు. వేరువేరు గూళ్ళలో అయితే ఎన్నయినా వుండవచ్చును. చిక్కంతా పుట్టేది ఇక్కడే.

ప్రోగ్రాముకు ఒక ఫైలు కావలసివస్తే, ‘ఫలానా గూట్లోని ఫలానా ఫైలు’ అని పూర్తిగా చెప్పవచ్చును. కాని వాడుకలో అట్లా చెప్పేది తక్కువ. ఫైలు పేరు ఒక్కటే చెప్పి, ‘పట్టీ ప్రకారం వెదుకు’ అని యంత్రానికి వదిలివేస్తారు. దీనినే లైబ్రరీ లిస్టు అంటారు, నేను పట్టీ అంటాను. యంత్రం మీద నడిచే ప్రతి పనికీ తనదైన పట్టీ ఒకటి వుంటుంది. ఒక గుమాస్తా తెర ముందు కూర్చుని పేరు చెప్పి లోపలికి వెళితే అదీ ఒక పనే. రాత్రివేళ దానంతట అది నడిచే లెక్కా ఒక పనే.

పట్టీకి నాలుగు భాగాలు. మొదటిది యంత్రం వారి భాగం, అందులో పదిహేను గూళ్ళ దాకా పట్టవచ్చును. రెండవది ఏదైనా ప్రత్యేకమైన ఆజ్ఞ నడిచేటప్పుడు వచ్చి చేరే ఒకటి రెండు గూళ్ళు. మూడవది ‘ప్రస్తుతపు గూడు’, ఒక్కటే. నాలుగవది వాడుకునేవారి భాగం. ఇందులో మొదట 25 గూళ్ళకే చోటు వుండేది, 2001లో వచ్చిన మార్పుతో 250 దాకా పెరిగింది. యంత్రం ఈ వరుసలోనే పైనుంచి క్రిందికి వెదుకుతుంది. పేరూ రకమూ సరిపోయిన మొదటి వస్తువు కనబడగానే ఆగిపోతుంది. క్రింద ఇంకొకటి వున్నదేమో, అసలైనది అదేనేమో అని చూడనే చూడదు.

మరి ఈ పట్టీ ఒక్కొక్క పనికీ ఎక్కడినుంచి వస్తుంది? రెండు దారులున్నవి. ఒకటి, ఆ పనికి విడిగా వ్రాసిపెట్టిన వివరాల చీటీ. జాబ్ డిస్క్రిప్షన్ అంటారు. కూలి లెక్కలకు ఒక చీటీ, సరుకు లెక్కలకు ఒక చీటీ, ఎవరి గూళ్ళు వారికి. రెండవది ఉమ్మడి పట్టీ. చీటీలో విడిగా ఏమీ వ్రాయకపోతే, యంత్రమంతటికీ కలిపి పెట్టిన ఒక విలువ వర్తిస్తుంది. యంత్రం వారి భాగానికి ఆ విలువ పేరు క్యూ-సిస్-లిబ్-ఎల్, వాడుకునేవారి భాగానికి క్యూ-యూజర్-లిబ్-ఎల్. ఈ రెండవ ఉమ్మడి పట్టీలో మాత్రం ఈనాటికీ 25 గూళ్ళకు మించి పట్టవు. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు అందులో రెండే వుంటవి. ఒకటి క్యూ-జి-పి-ఎల్, అందరి వాడుకకూ వున్నది. రెండవది క్యూ-టెంప్, ఒక్కొక్క పనికీ విడిగా ఏర్పడి పని ముగియగానే సామానుతో సహా మాయమయ్యేది.

యంత్రం చేసినవారు ఆ పట్టీని అంత చిన్నదిగా వుంచి ఇచ్చింది ఊరికే కాదు. కాని మా మిల్లులో అది అట్లా వుండలేదు. ప్రతి విభాగంవారూ వచ్చి, ‘మా గూడు కూడా అందులో చేర్చండి, మా వాళ్ళకు వేరే ఏమీ చెప్పనక్కరలేకుండా అన్నీ కనబడతవి’ అనేవారు. చేర్చడం ఒక నిమిషం పని. కాదని చెప్పి చీటీ విడిగా వ్రాయడం ఒక పూట పని. మాటపట్టింపులు ఎందుకని పైవారు చేరుస్తూ వచ్చారు. కూలి లెక్కల గూడు, నూలు నిలువల గూడు, దూది కొనుగోళ్ళ గూడు, అన్నీ ఉమ్మడి పట్టీలోకే ఎక్కినవి.

1996 దీపావళికి ముందు జరిగింది చెబుతాను. సరుకు లెక్కలకు కొత్త ప్రోగ్రాములు తెచ్చిన ఒక బయటి సంస్థవారు, తమ గూడును ఉమ్మడి పట్టీలో అన్నిటికంటె పైన పెట్టాలని కోరారు. క్రింద పెడితే తమ ప్రోగ్రాములకు బదులు పాతవి దొరుకుతవని వారి భయం. మా విభాగంలో అధికారం వున్నవారు ఒకనాటి ఉదయం పదకొండు గంటల వేళ అట్లాగే పెట్టారు. ఆ గూట్లో ఏమేమి వున్నదీ ఎవరూ చూడలేదు. అందులో బోనసు రేట్ల ఫైలు ఒకటి వున్నది. కిందటి యేడు ఏదో పరీక్షకోసం మా అసలు ఫైలును నకలు తీసుకొని, పని అయిన తర్వాత తీసివేయకుండా వదిలివేశారు. పేరు అదే, రకం అదే, లోపలి అమరిక అదే. రేటు మాత్రం కిందటి యేటిది, నూటికి 16. ఈ యేడు యూనియన్లతో కుదిరిన రేటు నూటికి 18.

బోనసు సంగతి తెలియని మిల్లు కుటుంబం వుండదు. ఆ రోజుల్లో 1965 నాటి చట్టం ప్రకారం నూటికి 8.33 తగ్గకూడదు, 20 మించకూడదు అని నియమం వుండేది. ఆ రెండింటి మధ్య ఎక్కడ తేలుతుందా అని మిల్లు గేటు దగ్గర టీ అంగళ్ళలో నెలరోజుల ముందునుంచీ మాటలు సాగుతవి. యేడాదికి 24,000 రూపాయల కూలి లెక్క వున్నవారికి 18 చొప్పున 4,320 రూపాయలు వస్తవి. 16 చొప్పున 3,840. తేడా 480 రూపాయలు. ఆనాడు ఆ డబ్బుతో ఇంట్లో పిల్లలకు కొత్తబట్టలు వచ్చేవి.

ఆ పట్టీ మారిన రోజునే బోనసు పట్టికలు అచ్చువేయడం మొదలయింది. స్పిన్నింగు విభాగంవారి పట్టికలు పగటివేళ తయారయినవి. టైం ఆఫీసు గుమాస్తా ఉదయం తొమ్మిదికే తెర తెరచి కూర్చున్నాడు కనుక ఆయన పనికి పాత పట్టీయే అంటిపెట్టుకొని వున్నది. ఉమ్మడి విలువను మారిస్తే ఆ మార్పు తర్వాత మొదలయ్యే పనులకే వర్తిస్తుంది గాని, అప్పటికే నడుస్తున్నవాటికి తగలదు. ఆయన వెనుకకు పంపిన లెక్కలు కూడా ఆయన పట్టీనే నకలు చేసుకొని నడిచినవి. కనుక అన్నీ 18 చొప్పున వచ్చినవి. తక్కిన విభాగాలు, వైండింగు, రీలింగు, ప్యాకింగు, రాత్రి పదిగంటలకు తమంతట తాము నడిచే లెక్కలో వచ్చినవి. వాటికి కొత్త పట్టీ. అన్నీ 16 చొప్పున వచ్చినవి. వైండింగులోనూ రీలింగులోనూ పనిచేసేవారు చాలమట్టుకు ఆడవాళ్ళు.

యంత్రం ఎక్కడా ఒక్క తప్పు కూడా చూపలేదు. దానికి ఒక కాపలా వున్నమాట నిజమే. ప్రోగ్రాము తయారైన నాడు ఫైలు అమరిక ఎట్లా వున్నదో గుర్తుపెట్టుకొని, అమరిక మారిన ఫైలు ఎదురయితే ‘లెవెల్ చెక్’ అని ఆపివేస్తుంది. కాని ఇది అసలుకు నకలు. అమరికలో వెంట్రుకవాసి తేడా లేదు. లోపలి అంకె సరియైనదా కాదా అన్నది దానికి అక్కరలేదు.

పట్టుకొన్నది యంత్రం కాదు, టైం ఆఫీసులో పెద్ద గుమాస్తా గారు. మన తెలుగువారే. వారి తాతల నాటినుంచీ ఆ ఊరే. మస్టరు పుస్తకాల కాలంలో చేరినవారు. కంప్యూటరు వచ్చిన తర్వాత కూడా ప్రతి యేడూ బోనసుకు ముందు పదిమంది పేర్లు ఎంచుకొని చేత్తో లెక్క వేసేవారు. కుర్రవాళ్ళు నవ్వుకొనేవారు. ఆ ఉదయం ఆయన నా దగ్గరికి రెండు పట్టికలు పట్టుకొని వచ్చారు.

“అబ్బాయీ, స్పిన్నింగు వాళ్ళకు ఒక లెక్క, వైండింగు ఆడవాళ్ళకు ఇంకొక లెక్కా? ఇది బయటికి పోతే గేటు దగ్గర ఏమవుతుందో తెలుసునా?” అన్నారు.

“అయ్యా, రేటు ఫైలు నిన్నటినుంచి ఎవరూ ముట్టుకోలేదండీ. తేదీ చూశాను,” అన్నాను.

“ఫైలు ముట్టుకోలేదు సరే. మిషను చూసింది ఆ ఫైలేనా?” అని అడిగారు.

ఆయనకు లైబ్రరీ లిస్టు అంటే ఏమిటో తెలియదు. అయినా అడగవలసిన ప్రశ్న అదే. స్పిన్నింగు గుమాస్తాచేత నిన్న సరిగా వచ్చిన ఒక పట్టికను మళ్ళీ తీయించాము. ఇవాళ 16 చొప్పున వచ్చింది. నిన్న సరియైనది ఇవాళ తప్పయింది, ఫైలేమో మారలేదు. అప్పుడు, ఆ పేరుగల వస్తువులు యంత్రమంతటా ఎక్కడెక్కడ వున్నవో చూపించే ఆజ్ఞ ఇచ్చాను. తెరమీద రెండు వరుసలు వచ్చినవి. ఒకటి కూలి లెక్కల గూట్లో, రెండవది నిన్న పట్టీలో పైకెక్కిన గూట్లో. పెద్ద గుమాస్తా గారు కళ్ళజోడు సవరించుకొని చూసి, “ఇద్దరున్నారన్నమాట!” అన్నారు.

ఆ గూడును పైనుంచి తీసివేశారు, పట్టికలు మళ్ళీ అచ్చయినవి, డబ్బు అందరికీ ఒకే రేటున అందింది. మిల్లులో ఈ సంగతి నలుగురైదుగురికి తప్ప తెలియదు. కాని పట్టుకోకుండా వుంటే, ‘ఆడవాళ్ళ విభాగాలకు కావాలనే తగ్గించారు’ అన్న మాట పుట్టేది. తర్వాత తేడా డబ్బు ఇచ్చినా ఆ మాట పోయేది కాదు.

ఆ తర్వాత మాకు కొత్తగా వచ్చిన అధికారి, ఉమ్మడి పట్టీని మళ్ళీ రెండు గూళ్ళకు కుదించారు. ప్రతి విభాగానికీ విడి చీటీ వ్రాయించారు. నేను ఉద్యోగం విడిచేదాకా ఆ పద్ధతినే నడిపాము. వాటిలో ముఖ్యమైనవి చెబుతాను.

అందరికీ నిజంగా కావలసినదే ఉమ్మడి పట్టీలో వుండాలి. ఒక విభాగానికి కావలసినది ఆ విభాగపు చీటీలో వుండాలి. పరీక్షకోసం పెట్టిన గూడు ఎన్నడూ ఉమ్మడిలోకి రాకూడదు. ఏదైనా చేర్చక తప్పకపోతే, అందులోని పేర్లూ పైనా క్రిందా వున్న గూళ్ళలోని పేర్లూ ముందుగా సరిచూడాలి. ఒకే పేరు రెండు చోట్ల కనబడితే అది తేలేదాకా చేర్చకూడదు. చేర్చినప్పుడు ఎవరు అడిగారు, ఎవరు చేర్చారు, ఏ తేదీన, ఎందుకు అని ఒక పుస్తకంలో వ్రాయాలి. పదిమందిలో పాము చావదంటారు. ఉమ్మడి పట్టీ సంగతీ అంతే. దానికి ఒక్క మనిషి పూచీ వుండకపోతే అందరూ చేరుస్తారు, తీసేవారు ఒక్కరూ వుండరు.

ఇంకొకటి, పై వరుసలోని గూడు ఎవరి చేతిలో వుంటే యంత్రమంతా వారి చేతిలో వున్నట్లే. అసలు ప్రోగ్రాము పేరుతోనే ఇంకొకదాన్ని వ్రాసి పై గూట్లో పెడితే అందరూ తెలియకుండా దానినే నడుపుతారు. అందుకనే యంత్రం వారి భాగాన్ని మార్చే ఆజ్ఞను మొదటినుంచీ సామాన్యులకు అందకుండా వుంచారు. పై గూళ్ళలో అందరూ చదవవచ్చును గాని, అందరూ వ్రాయడానికి వీలుండకూడదు.

ఇది ఆ ఒక్క యంత్రపు జబ్బు అనుకోవద్దు. యూనిక్స్ వ్యవస్థలో ‘పాత్’ అనే వరుస వున్నది. తాను నిలబడ్డ చోటినే ముందు వెదకమని ఆ వరుసలో వ్రాసుకోవద్దని అక్కడి పెద్దలు కొత్తవారికి చెబుతారు. విండోస్‌లోనూ ఇదే చిక్కు వచ్చింది. 2004లో వచ్చిన మార్పుతో, నిలబడ్డ ఫోల్డరును వెదికే వరుసలో వెనుకకు జరిపారు. అయినా 2010లో, తప్పుడు చోటినుంచి లైబ్రరీలను తెచ్చుకొనే ప్రమాదాన్ని గురించి మైక్రోసాఫ్ట్ వారు మళ్ళీ హెచ్చరిక ఇవ్వవలసివచ్చింది.

అట్లాగని పట్టీ పద్ధతే వద్దనకూడదు. ప్రతి ఫైలుకూ గూటిపేరు ప్రోగ్రాములోనే వ్రాసివేస్తే బోనసు చిక్కు వచ్చి వుండేది కాదు, నిజమే. కాని అప్పుడు ఆ ప్రోగ్రామును పరీక్షకు పెట్టడం ఎట్లా? పట్టీ వున్నది కనుకనే, ఒకే ప్రోగ్రామును ఉదయం పరీక్ష గూటి మీద నడిపి చూసి, సాయంత్రం అసలు గూటి మీద నడపగలుగుతాము. రెండు మిల్లులు వున్న యజమాని ఒకే ప్రోగ్రాములతో రెండింటి లెక్కలూ చూసుకోగలుగుతాడు, పట్టీ మారిస్తే చాలును. దాని గుణమూ దోషమూ ఒక్కచోటే వున్నవి. కనుక పట్టీని వుంచుకొని, దానికి కాపలా కాయవలసిందే.

ఇక్కడ నాకు మన ఇళ్ళ సంగతి ఒకటి తోచింది, చెప్పవచ్చునో లేదో. తరతరాలుగా ఈ ఊళ్ళలో వున్న మన పిల్లలకు నీళ్ళు కావలసివస్తే ‘తణ్ణి’ అన్న మాట ముందు వస్తుంది. ‘నీళ్ళు’ అన్న మాట తెలియక కాదు, అది క్రింది గూట్లో వున్నది. బడి, వీధి, బస్సు, అంగడి అన్నీ పై గూళ్ళు. వాటిని తీసివేయమని నేను అనను. అవి లేకపోతే ఈ ఊళ్ళో బ్రతుకే లేదు. కాని వీధికి ఒక చీటీ, ఇంటికి ఒక చీటీ వ్రాసుకోవచ్చును కదా! గడప దాటి లోపలికి వచ్చినప్పుడు మన గూడు పైకి రావాలి. ఇంట్లో పెద్దలు రోజూ వాడితేనే అది పైకి వస్తుంది. సంఘంలో యేడాదికి ఒకసారి ఉగాదినాడు ఉపన్యాసం ఇస్తే రాదు.

ఆ పెద్ద గుమాస్తా గారు ఇప్పుడు లేరు. ఆయన చేత్తో లెక్కవేసే అలవాటును మాత్రం మేము టైం ఆఫీసులో నిలుపుకొన్నాము. ప్రతి బోనసుకూ పది పేర్లు, ఒక్కొక్క విభాగంనుంచి ఒక్కటైనా తప్పకుండా. మన కుటుంబాలలో ఇవాళ ఎందరో పిల్లలు కంప్యూటరు ఉద్యోగాల్లో వున్నారు. వారికి నేను చెప్పేది ఇంతే. మీ దగ్గర ఉమ్మడి పట్టీ ఎట్లా వున్నదో ఒకసారి తీసి చూడండి. అందులో ఒక్కొక్క గూడు ఎందుకు వున్నదో చెప్పగలవారు మీ ఆఫీసులో ఇంకా వున్నారో లేదో కనుక్కోండి. చెప్పగలవారు లేని గూడు కనబడితే, మొదట దానిలోని పేర్లు చదవండి.